జడ్జిగారు చావనన్నారు

న్యూయార్క్,
1973 మార్చి 9, శుక్రవారం.

బెర్నార్డ్ కెసెల్ మహాశయునికి,

నీ చేతిలో చచ్చి కూడా చావని రాయిస్ ఆల్డింజర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నా ఆకలి క్షేమం, నా గొంతు క్షేమం, నా పొగరు మరీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ టైపు మిషనూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఏరా బెర్నీ, ఒకే నాటకాల కంపెనీ ట్రక్కులో పడుకుని ఊళ్లు తిరిగినవాళ్లం మనిద్దరం. సీరియల్ కథలు రాసే పెద్ద రచయితవయ్యాక నన్ను పిలిచి జడ్జి వేషం ఇచ్చావు, కాదనను. పదిహేడేళ్లు వేశాను. అలాంటి జడ్జిని చంపదలుచుకుంటే ఒక్క ఫోను కొట్టలేకపోయావా? నాకెలా తెలిసిందో తెలుసా? బట్టలు చూసే డెల్ఫీన్ టేపు పట్టుకొచ్చి కొలతలు తీసింది. కొత్త సూటా, ఎవరి పెళ్లికే అని అడిగాను. పాపం, తలెత్తకుండానే, శవపేటికలో పడుకోవడానికండీ, వీపు వైపు కోసి బిగించినా కనబడదన్నారు, అంది. నా చావు కబురు నాకు నడుం కొలతతో పాటు తెలిసింది. సిగ్గులేదుట్రా నీకు?

చావడం నాకు కొత్త కాదు. సినిమాల్లో ముప్పై నాలుగుసార్లు చచ్చాను. గుర్రం మీంచి పడి చచ్చాను, నీళ్ల తొట్టిలో పడి చచ్చాను. ఒకసారైతే హీరో తుపాకీ పేలకముందే పడిపోయి, డైరెక్టరు చేత చీవాట్లు తిని, లేచి మళ్లీ చచ్చాను. ఒక్కదాంట్లోనూ సగం సినిమా దాటి బతకలేదు. హాలీవుడ్‌లో నా మొహం అందరికీ తెలుసు, పేరు మాత్రం ఒక్కడికీ తెలియదు. టీవీకి వచ్చాకే నాకో ఇల్లు, ఓ భోజనాల బల్ల, ఓ కూతురు దొరికారు. అవన్నీ అట్ట గోడల మధ్యనే అనుకో. అయినా కిరాణా కొట్లో ముసలమ్మలు చెయ్యి పట్టుకుని ఆపి, జడ్జిగారూ, ఆ అల్లుణ్ణి నమ్మకండి, వాడి చూపు మంచిది కాదు, అని చెప్పేవారు. ఏ హీరోకి దక్కిందిరా ఆ మర్యాద?

మంగళవారం సంగతి నీకు నలుగురూ నాలుగు రకాలుగా చెప్పి ఉంటారు. నా నోటితో విను. ఆసుపత్రి మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాను. డాక్టరు వేషం కుర్రాడు నాడి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. నా కూతురి వేషం వేసే కార్లీన్ నా గుండె మీద పడి ఏడ్చింది. సెట్టు పక్కనే కూచుని ఆర్గన్ వాయించేవాడు ఏడుపు రాగం ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడు కళ్లు తెరిచాను. తెరిచి, ఎక్కడికీ పోనే పిచ్చిదానా, ఇక్కడే ఉన్నా, అన్నాను.

నర్సు చేతిలో పళ్లెం దభీమని పడింది. ఆర్గన్ వాడు గతుక్కుమని, ఏం తోచక పెళ్లి బాణీ అందుకున్నాడు. డాక్టరు మాత్రం గట్టివాడు. తడుముకోకుండా, నాడి కొట్టుకుంటోంది, సిస్టర్, త్వరగా ఇంజెక్షను తీసుకురండి, అన్నాడు. మన పద్ధతి నీకు తెలియనిదా? సెట్టు గోడ కూలి మనిషి మీద పడితే తప్ప రికార్డింగు టేపు ఆపరు, తీసింది తీసినట్టే టీవీలో వేసేస్తారు. నాలుగింటికల్లా స్టూడియోని వంటల కార్యక్రమం వాళ్లకి అప్పగించాలి. అంచేత ఎవరూ ఆపలేదు. జడ్జి బతికాడు.

ఇక ప్రొడ్యూసర్ పీబడీ అరుపులు కింద వీధిలో టాక్సీవాళ్లకి కూడా వినబడి ఉంటాయి. ఏమయ్యా, చచ్చినవాడివి చచ్చినట్టు పడుండలేవా, నీ వేషం నిలబెట్టుకోవడానికి నా సీరియల్ తగలేస్తావా, అన్నాడు. ఆ కార్లీన్ కూడా నీతో కుమ్మక్కయిందా అని అడిగాడు. తనకేమీ తెలియదు, నేనే కావాలని చేశాను, ఏం చేసుకుంటావో చేసుకో, అన్నాను.

ఇప్పుడు సీరియల్ ఖర్చు పెట్టుకునే సబ్బుల కంపెనీ వాళ్లకి ఏదో ఒక కాగితం చూపించాలట. అది టైపు చేయించి నా మొహాన పడేశాడు. పొరపాటున కళ్లు తెరిచాను, క్షమించగలరు, అని ఉంది అందులో. సోమవారం పొద్దున పదింటికి దాని మీద సంతకం పెట్టి, మళ్లీ ఆ మంచమెక్కి మర్యాదగా చావాలి. అలా చేస్తే ముందు ముందు ఏవో వేషాలు ఇప్పిస్తాడట. లేకపోతే ఇక్కడా హాలీవుడ్‌లోనూ ఏ స్టూడియో గేటూ నాకు తెరుచుకోకుండా చేస్తాడట. అరవై మూడేళ్లవాణ్ణి, నటించడం తప్ప ఇంకో పని రాదు. భయం లేదని అననురా. ఉంది.

అయినా పెట్టను. పెట్టమంటే పెట్టను. నీకు మరీ అంత తొందరగా ఉంటే, జడ్జిగారు పోయారట పాపం, అని ఎవడో వేషగాడి చేత ఫోన్లో అనిపించి చంపుకో. నేను మాత్రం ఆ మంచం ఎక్కను. నా పేరు చెడగొడతాడట పీబడీ! పేరంటూ ఉంటే కదా చెడడానికి. ఈ ముక్క వాడికి నువ్వే చెప్పు, నవ్వకుండా చెప్పు.

ఇట్లు,
ఇంకా ఊపిరి పీలుస్తున్న
రాయిస్ ఆల్డింజర్

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీ మీద కోపం పోలేదు గానీ, నీకు అబద్ధం రాయడం నా వల్ల కావడం లేదు. చదివి చింపెయ్.

నేను కావాలని చెయ్యలేదురా. బుద్ధిగా చద్దామనే పడుకున్నాను. నా చావులన్నింట్లోకీ ఇదే మంచి చావు కావాలని కూడా అనుకున్నాను. కార్లీన్ నాన్నా అని ఏడవాలి, ఏడ్చింది. ఆ తర్వాత నా మెడలో మొహం దాచుకుని, మైకుకి అందనంత చిన్నగా, రాయిస్, నువ్వు పోకు, నువ్వూ పోతే నాకెవరున్నారు, అంది. అది నువ్వు రాసిన మాట కాదు. తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది ఆ పిల్ల. కన్నవాళ్లు పొద్దున గేటు దగ్గర దింపేసి వెళ్లిపోయేవారు. నా పక్కన కూచునే ఎక్కాలు నేర్చుకుంది, పన్ను ఊడితే తెచ్చి నాకే చూపించింది. నాకూ పిల్లల్లేరు, నీకు తెలుసుగా. ఆ మాట చెవిన పడేసరికి కెమెరా, మంచం, జడ్జి అన్నీ మరిచిపోయాను. నా జవాబే మైకుకి దొరికింది, తన మాట దొరకలేదు. దాని కాంట్రాక్టు ఈ నెలాఖరుకి తిరిగి రాయాలి. తెలిస్తే దాన్నీ గెంటేస్తారు. అందుకే పొగరంతా నాదేనని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాను.

ఇప్పుడు చెప్పు. పొరపాటు అని సంతకం పెట్టమంటావా? ఆ పిల్ల అడిగింది, నేను జవాబు చెప్పాను. వేషాలు పోతే పోనీ, ఆ జవాబు మాత్రం వెనక్కి తీసుకోను.