సమన్వయం గారికి కుళాయి వాపసు

విజయవాడ,
18-3-1974

పేదల వాడల వసతుల ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, బందరు కాలువ గట్టు వాడ తరఫున, గోనెసంచుల కొట్టు గుమాస్తా బాలశౌరి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వాడకు మంజూరైన కుళాయిని తొలగించి, దాని మూలంగా ఆగిపోయిన నీళ్ల లారీని తిరిగి ఇప్పించుట గురించి.

1. మేము తాగేది కాలువ నీళ్లే. వేసవిలో నీళ్లు వదలడం ఆపి కాలువ కట్టేసినప్పుడు నీటి విభాగంవారు లారీ పంపేవారు. నిరుడు సంక్షేమ శాఖవారు దయతలచి గట్టు కింద సిమెంటు దిమ్మె కట్టి కుళాయి బిగించారు. నీళ్లు రావలసిన గొట్టం మాత్రం గట్టుకు అవతల, రోడ్డు పక్కనే ఆగిపోయింది.

2. ప్రారంభోత్సవం ఆగలేదు. సంక్షేమ శాఖ దొరగారు కుళాయి తిప్పే వేళకు బంట్రోతు ఏడుకొండలు దిమ్మె వెనక నిలబడి, మా వాడ ముసలమ్మ శౌరమ్మ బిందెలోని కాలువ నీళ్లు కుళాయి వెనక గొట్టంలో పోశాడు. దొరగారి చెయ్యి తడిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాము, బిందె తిరిగి ఇస్తారు గదా అని.

3. ఆ తడి చేత్తోనే "నీటి వసతి కల్పించడమైనది" అని సంతకం చేశారు. కుళాయి ఉన్న వాడకు లారీ ఎందుకని నీటి విభాగంవారు రద్దు చేశారు.

4. గట్టు తవ్వి గొట్టం కలపమని వేడుకున్నాము. కాలువ పారుతుండగా గట్టు తవ్వరాదు, కట్టేశాక రమ్మన్నారు కాలువల శాఖవారు. కాలువ కట్టేశాక కొత్త కుళాయికి నీళ్లివ్వరాదు, పారేటప్పుడు రమ్మన్నారు నీటి విభాగంవారు. ఈ రెండు రూల్సూ ఎదురెదురు గదుల్లో కాపురం ఉంటున్నాయి. మధ్యలో వరండా ఉంది. దాన్ని దాటే ఉద్యోగం ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

5. "సమన్వయం రావాలమ్మా, అందాకా ఏమీ కాదు" అన్నాడు నీటి విభాగం గుమాస్తా.

"ఆయన ఏ ఊర్నించి రావాలండీ?" అంది శౌరమ్మ.

అతను పక్కవాణ్ణి పిలిచి మరీ నవ్వాడు. "సమన్వయమంటే మనిషి కాదే ముసలీ!"

"మనిషి కాదా? మరి ఇంతమంది మనుషులు పని మానుకుని ఆయన కోసం కూర్చున్నారేంటి బాబూ?"

నవ్వు ఆగింది. పని మొదలు కాలేదు.

6. నిరుడు వేసవిలో లారీ రాలేదు. ఎండిన కాలువలో గుంటలు తీసి ఆ నీళ్లే తాగాము. శౌరమ్మ మనవరాలు మార్త వాంతులతో పోయింది. ఇది ఏ శాఖకు చెందిన చావో నాకు తెలియదు.

వచ్చే నెల మళ్లీ కాలువ కట్టేస్తారు. కనుక మాకు అభివృద్ధి వద్దు, లారీ కావాలి. మమ్మల్ని కుళాయి లేని వాడగానే చిత్తగించవలెను.

కాలువ కట్టేసేవరకు
తమ విధేయుడు,
బాలశౌరి

తా.క.: కుళాయిని మేమే పీకాము. ఇందుతో జతపరచడమైనది. సర్కారు సొత్తు పీకామని కేసు పెట్టదలిస్తే అభ్యంతరం లేదు. అది ఏ శాఖ సొత్తో ముందు తేల్చుకోండి. తేలకపోతే, సమన్వయం గారు వచ్చాక పెట్టండి.