పక్క సీటు

తూంకుంట

రిజ్వాన్ భాయ్‌కి నమస్కారం.

"ఇగ పక్క సీటు ఎందుకు సార్? తీసేస్తే బోటు తేలికైతది" అని నిన్న ఫోన్లో అడిగారు. మా అమ్మాయి ఇషిత దగ్గరే ఉండడంతో జవాబు చెప్పలేకపోయాను. తీయకండి. రెండు సీట్లనూ ఒకే తీరుగా బిగించండి. బోటు ఫైబర్ నేల అడుగున అల్యూమినియం ప్లేటు వేసి, బోల్టులు దాని గుండా దింపి, కింద నట్లు వేయండి.

పోయిన ఏడాది శామీర్‌పేట చెరువులో మా స్పీడ్ బోటు మలుపు తిరిగినప్పుడు ఆ సీటు ఊడి, నా భార్య మనోరమ నీళ్లలో పడింది. మాకు దక్కలేదు. నడిపింది ఇషిత. "నేనే గట్టిగ తిప్పిన బాపూ" అంటుంది, ఇప్పటికీ. బోటు చేసినవాళ్లు అసలు ప్లేటే వేయలేదని, పొట్టి స్క్రూలతో వదిలేశారని మీరు చూశారు. తప్పు తనది కాదని నేను చెబితే ఓదారుస్తున్నానని అనుకుంటుంది.

ఆదివారం తనను మీ షెడ్డుకు తీసుకొస్తాను. ఊడిన స్క్రూలు, చిరిగిన ఫైబర్ ముక్క పారేయకండి. నేను బయటే ఉంటాను, మీరే చూపించండి.

తను మళ్లీ నడిపేరోజు పక్కన నేను కూర్చుంటాను. నాకు ఈత రాదని ఇషితకు తెలుసు; అయినా కూర్చుంటే నా మాట నమ్ముతుంది. అందుకే ఆ సీటు కావాలి.

ఇషిత తండ్రి