నల్ల పట్టీల నడుమ

బాలమణీ,

మంచి కెమెరాతో నిన్నొక్కదాన్నే వీడియో తీయిస్తానని మాటిచ్చి తప్పాను. నిన్నెన్నడూ చూడని మనవరాలు తన పెళ్లి వీడియోలో నువ్వుండాలంది. నువ్వు కనిపించేది మీ చెల్లెలి పెళ్లి క్యాసెట్‌లోనే. దాన్ని మొయినాబాద్ స్టూడియోకు పట్టుకెళ్లాను.

"తాతా, కొత్త వీడియో బొమ్మ వెడల్పు, పాత క్యాసెట్ బొమ్మ నలుచదరం. సాగదీస్తే అవ్వ లావైతది, జూమ్ చేస్తే తల పోతది," అన్నాడు ఎడిటర్.

"బక్కగనే ఉండనియ్యి. రెండు దిక్కుల నల్ల పట్టీలు మిగిలితే మిగలనీ. ఆ పక్కనున్నోణ్ని మాత్రం తీసెయ్యి."

"భుజం మీద చెయ్యేసిండు గద! ఆయన్ని తీస్తే అవ్వ భుజం పోతది."

ఉండనిమ్మన్నాను. ఇక అందరి ముందూ నువ్వు నవ్వుతూనే ఉంటావు, వాడి చెయ్యి నీ మీదే ఉంటుంది. నీ ప్రాణం తీసిన కామెర్లకు దవాఖాన వద్దని చేవెళ్లలో పసరు పోయించినవాడు, మీ అన్న యాదగిరి.