అరవై దగ్గర గుట్ట

మే 10, 2018. పాతపట్నం

సెలవులకి ఇంటికొచ్చాను గానీ మా రీసెర్చ్ గైడ్ గారికి సెలవుల్లేవు. మ్యూయాన్ అనే కణాల జంటల ద్రవ్యరాశి పైథాన్ కోడ్‌తో లెక్కగట్టి గ్రాఫ్ పంపాలి. అందులో తొంభై ఒకటి దగ్గర గీత గుట్టలా లేవాలి. అది లోకమంతటికీ తెలిసిన జెడ్ కణం. సరిగ్గా వస్తే గ్రూప్ మీటింగ్‌లో మొదటిసారి నేను మాట్లాడొచ్చు. డేటా డౌన్‌లోడ్ పెట్టాను. మా ఊరి నెట్ కదా, అయిందో లేదో తెలియక మళ్లీ మళ్లీ నొక్కాను.

మే 12, సాయంత్రం 5

తొంభై ఒకటి దగ్గర గుట్ట వచ్చింది. అరవై దగ్గర ఇంకోటి కూడా! అక్కడ ఏమీ ఉండకూడదు. కుర్చీలోంచి గెంతాను. అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. కొత్త కణం కావచ్చు, ఇంకా చెక్ చెయ్యాలి అన్నాను. అమ్మ చెవికి కావచ్చులు ఎక్కవు.

మే 13, ఆదివారం

కొంప మునిగింది. చర్చిలో దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ అమ్మ లేచి, దేవుడు దాచిన కణాన్ని తన కూతురికి చూపించాడని చెప్పేసింది. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు గారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చర్చి పండగలకి వంట చేసే స్వర్ణ ఆంటీ దానికి మన చర్చి పేరే పెట్టమంది. నేను పళ్లికిలిస్తూ నిలబడ్డాను. బుద్ధి లేదు.

మే 15

అరవై దగ్గర గుట్ట లేదు.

మే 15, మళ్లీ

ఫోల్డర్‌లోని డేటా ఫైళ్లలో ఒకటి నాలుగుసార్లు ఉంది. నేను నొక్కిన నొక్కుళ్లు. నా కోడ్ దొరికిందల్లా చదివేసింది. అరవై దగ్గర ఊరికే పడిన కొన్ని జంటలు అలా పెరిగి గుట్టయి కూర్చున్నాయి. పైథాన్ పాండాస్‌లో డ్రాప్ డూప్లికేట్స్ అని, రెండోసారి వచ్చినవి తీసెయ్యమని ఒక్క లైను రాశాను. అరవై చదునైపోయింది. తొంభై ఒకటి కాస్త తగ్గింది గానీ కదల్లేదు. అదే పంపాను. గైడ్ గారికి అరవై సంగతి తెలియనే తెలియదు. చర్చి మొత్తానికి తెలుసు.

మే 18

అమ్మకి చెప్పేశాను. ఆదివారం నేనే లేచి చెబుతానన్నాను. బియ్యం కడుగుతూ ఉండిపోయింది. తమ్ముడు బెన్హర్ మాత్రం జ్వరమని చెప్పి ఇంట్లో పడుకోమన్నాడు. భయంగా ఉంది. నా గురించి కాదు. అమ్మ ఇంకెప్పుడూ సాక్ష్యానికి లేవదేమోనని.

మే 20, ఆదివారం

నేను లేచేలోపే అమ్మ లేచింది.

"మా గ్లోరీ కొత్త కణం కనిపెట్టనేదు. ఒకే లెక్క నాలుగుసార్లు ఏసీసినాది. ఎవులూ సెప్పకుండానే దాని తప్పు అదే పట్టుకున్నాది. దీనికీ స్తోత్రం సెప్పండి."

స్వర్ణ ఆంటీ పోయిన వారం కన్నా గట్టిగా స్తోత్రం అంది. ఆమె వెనక అందరూ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

మే 23

గైడ్ గారి మెయిల్. మీటింగ్‌లో మాట్లాడమన్నారు. ఈసారి రెండుసార్లు చదివాకే అమ్మని పిలిచాను.

మే 27, ఆదివారం

ఈవేళ స్వర్ణ ఆంటీ లేచింది. పోయిన క్రిస్మస్‌కి చర్చి బిర్యానీలో ఉప్పు రెండుసార్లు వేసింది తనేనట. స్తోత్రం అన్నాం.