మామయ్యగారి కుడి భుజం

మార్చి 3

మామయ్యగారికి రెండు రోజులుగా జ్వరం. కుడి భుజం కూడా లాగుతోందట. ముప్పయ్యేళ్లు దర్జీ కత్తెర ఆడించిన భుజం, నొప్పి పుట్టక ఏం చేస్తుంది? గుమ్మంలో నిలబడే నాలుగు ప్రశ్నలు అడిగాను. ఆయన నేల చూస్తూ జవాబు చెప్పారు. పారాసెటమాల్, భుజానికి ఆయింట్‌మెంట్. ఇంట్లోనే డాక్టరుండగా మనకేం లోటని అత్తయ్యగారు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

మార్చి 5

జ్వరం తగ్గలేదు. యాంటీబయాటిక్ రాసిచ్చి డ్యూటీకి పరుగెత్తాను.

మార్చి 7, సాయంత్రం ఆరు

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం మామయ్యగారు కుట్టుమిషన్ మీదికి ఒరిగిపోయారని ఫోన్. వెళ్లేసరికి చలి, చెమటలు, ఊపిరి తీస్తే కుడిపక్క పోటు. అప్పుడు మొదటిసారి ఆయన చొక్కా ఎత్తాను. పక్కటెముకల మధ్య ఒక్క వేలితో నొక్కాను. ఆయన కేక పెట్టారు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

ఆ వేలు నాలుగు రోజుల కిందట పెట్టాల్సింది. వార్డులో ముక్కూ మొహం తెలియనివాళ్ల పొట్టలు రోజుకు నలభై నొక్కుతాను. మామగారి పొట్ట దగ్గరికొచ్చేసరికి కోడలి మొహమాటం అడ్డొచ్చింది. ఆయనకూ అంతే. నెల కిందట వారం రోజులు జిగట విరేచనాలయ్యాయట. కోడలితో ఆ మాటెలా అంటానని దాచారని అత్తయ్యగారు ఇప్పుడు చెప్పారు.

మా ఆసుపత్రికే తీసుకొచ్చాను. స్కాన్‌లో లివర్ కుడివైపు పది సెంటీమీటర్ల చీముగడ్డ. అమీబాదే అయ్యుంటుంది. అంచు పలచబడింది, పగిలితే ప్రాణం మీదికొస్తుందన్నారు. లివర్ నొప్పి కుడి భుజంలో తేలుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను.

ఇంట్లో డాక్టరుండి ఇన్నాళ్లూ ఏం చేశారని మా చీఫ్ అడిగారు. ఆయన మాకు చెప్పలేదు సార్ అన్నాను. అలా వచ్చేసింది నోట్లోంచి. మంచం మీద మామయ్యగారు వెంటనే అందుకుని, అవునండీ, నేనే చెప్పలేదు, మొండివాణ్ణి అన్నారు. చీఫ్ ఆయన్ని చెడామడా తిట్టారు. నేను సెలైన్ బాటిల్ చూస్తూ నిలబడ్డాను.

మార్చి 8

సూదితో చీము తీశారు. నాలుగొందల ఎం.ఎల్. చాక్లెట్ రంగు, వాసన లేదు. అమీబాని చంపే మెట్రోనిడజోల్ నిన్ననే మొదలుపెట్టారు. గండం గడిచింది.

మార్చి 11

జ్వరం లేదు. మందుకి నోరంతా ఇనుము నాకినట్టుందని విసుక్కుంటున్నారు. పది రోజులు ఇది, తర్వాత పేగుల్లో మిగిలిన అమీబాలకి ఇంకో మందు.

రౌండ్స్‌లో చీఫ్ స్టూడెంట్స్‌కి ఆయన్ని చూపించి, ఇలాంటి మొండిఘటాల గడ్డలే పగులుతాయన్నారు. స్టూడెంట్స్ నవ్వారు. మామయ్యగారూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

మార్చి 13

ఎవరూ లేనప్పుడు ఆయనకి చెప్పేశాను. మొదటి రోజే చెయ్యి వేసి చూసుంటే ఇంత దూరం వచ్చేది కాదని. తెలుసమ్మా అన్నారు. కొలత తియ్యకుండా గుడ్డ కత్తిరిస్తే ఏమవుతుందో దర్జీకి తెలియదా అన్నారు. మరి నింద మీ నెత్తిన ఎందుకేసుకున్నారని అడిగాను. ఇక్కడ రోజూ తలెత్తుకు తిరగాల్సింది నువ్వు కదమ్మా అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 14

రౌండ్స్‌లో అందరి ముందు చెప్పాను. ఆయన జ్వరం దాచలేదు సార్, మొదటి రోజే చూసింది నేనే, ముట్టుకోకుండా మందులిచ్చాను అని. మామయ్యగారు చొక్కా పైకెత్తుకున్నారు. నా చెయ్యి పట్టుకుని పక్కటెముకల మీద పెట్టారు. ఇదిగో బాబూ, ఇక్కడ నొక్కి చూడాలి అని స్టూడెంట్స్‌తో అన్నారు.