పలకెక్కని కూడికలు

నర్సయ్యా,

పోలీసులు నిన్ను జీపెక్కించి తీసుకుపోయి నేటికి ఏడాది. సిరిసిల్ల మగ్గాల సందులో నీ బడి పిల్లలకు దశాంశాల నోటిలెక్కలు ఇప్పుడు నేనే చెబుతున్నాను. బడి గడప తొక్కకుండా, నీ పాఠాలు విని నేర్చుకున్న నేను పంతులునైన కథ చాలా పెద్దదిలే.

నిన్న ఎస్సై వచ్చాడు. సందు మొదట్లోని చాయ్ హోటలువాడే ఈ బడి సంగతి చెప్పి ఉంటాడని నా అనుమానం.

"ఏం పెద్దమనిషీ, పలక మీద రాయకుండ మనసుల ఏం దాస్తున్నరు?"

"రెండు పాయింటు ఎనిమిది, ఒకటి పాయింటు ఐదు," అని జవాబుగా పిల్లల్లో ఉన్న పద్మను అడిగాను.

"రెండో దాంట్లకెల్లి పాయింటు రెండు మొదటిదానికిస్తె మూడు నిండుతది. అటు ఒకటి పాయింటు మూడు మిగులుతది. మొత్తం నాలుగు పాయింటు మూడు, సార్!"

ఎస్సై కాగితం మీద కూడి చూసుకున్నాడు.

"గీ ఉపాయం ఎవలు నేర్పిండ్రు?"

పిల్లలెవరూ నీ పేరెత్తలేదు.

"నేనే," అన్నాను.

"రేపటిసంది అంత పలక మీద కనవడాలె. లేకుంటె బడి బంద్!"

ఈరోజు అందరూ పలకలు తెచ్చారు. నువ్వు నేర్పినట్టే మనసులో కూడుకుని, ఎస్సై కోసం మళ్ళీ పలక మీద రాస్తున్నారు.