ఓబిలేష్ షెడ్డుకు పోని నాలుగు రోజులు

జూలై 3, గురువారం

ఉదయం 6.00: రాత్రి మంచి వాన. నాలుగెకరాల చేనూ తడిసింది. మట్టిలో ఈ తడి, ఈ పదును ఆదివారం దాకా ఉంటే గొప్ప. ఆలోగా వేరుశనగ విత్తడం అయిపోవాలి. లేకపోతే ఈ ఏడాదికి మన పని అంతే.

6.40: రెండు సాళ్ళు తిరిగేసరికి మా చిన్న ట్రాక్టర్ వేడెక్కింది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది.

7.00: తీర్మానం. ట్రాక్టర్‌ను నేనే బాగుచేస్తాను. మెకానిక్ ఓబిలేష్ షెడ్డు గడప తొక్కను. పోయిన నెల టీ కొట్టు దగ్గర పదిమందిలో "జయరామన్నకు బానెట్ యాడ తెరుచుకుంటాదో కూడా తెలీదు" అన్నాడు. అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. దానికే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

7.30: ఫోన్లో వీడియోలు చూశాను. అనుమానాలు మూడు. ఒకటి, రేడియేటర్ జాలీకి దుమ్ము. రెండు, ఫ్యాన్ బెల్టు వదులు. మూడు, రేడియేటర్ లోపల మడ్డి. ఇంతేనా ఇంజనీరింగంటే!

11.00: జాలీ శుభ్రం. గడ్డి, పొట్టు, ఒక పిట్ట ఈక. నా భార్య సువర్ణ పాత టూత్ బ్రష్షుతో తోమాను. అది పాతది కాదని ఆమె వచ్చాక తెలిసింది.

సాయంత్రం: అరెకరం విత్తాం. మళ్ళీ ఎర్రగీత. ఫరవాలేదు, ఇంకా రెండు అనుమానాలున్నాయి.

జూలై 4, శుక్రవారం

ఉదయం: బెల్టు బిగించాను. బాగా బిగించాను. కొత్తగా కీచుమని అరుస్తోంది. బలం వచ్చిందన్నమాట.

మధ్యాహ్నం: పది నిమిషాలు విత్తితే నలభై నిమిషాలు విశ్రాంతి. ట్రాక్టర్‌కూ నాకూ.

4.00: నాయన గట్టు మీద కూర్చుని గుప్పెట్లో మన్ను పిసికి చూస్తున్నాడు. పేరు రంగన్న, డెబ్బై రెండేళ్ళు.

"పదును దిగిపోతాండాది రా. ఓబిలేసును నువ్వు పిలుస్తావా, నన్ను పిలవమంటావా?"

"నువ్వుండు నాయనా. ఇంక ఒక అనుమానమే ఉండాది."

ఈ రోజు ఒక ఎకరం. ఎండ ఎక్కువగా ఉంది, ఏ ఇంజనైనా వేడెక్కుతుంది.

జూలై 5, శనివారం

8.00: మడ్డి తీసే రోజు. వీడియోలో ఆయన రేడియేటర్ కింది బిరడా విప్పి నీళ్ళన్నీ నేలపాలు చేశాడు. పైనుంచి పైపు పెట్టి అరగంట కొత్త నీళ్ళు వదిలాడు. ఆ మనిషిని చూస్తే భయం వేసింది. మా ఊళ్ళో కొళాయి నాలుగు రోజులకొకసారి. మా బోరు ఎండి రెండేళ్ళు.

8.20: బిరడా కింద బక్కెట్టు పెట్టాను. నీళ్ళు టీ రంగులో వచ్చాయి. నాయన పరుగున వచ్చాడు.

"పారబోస్తావా ఏంది?"

"వీడియోలో పారబోసినారు నాయనా."

"వాళ్ళకు బుద్ధి ల్యాకపోతే నీకూ ల్యాదా?"

ఆ మాట నిజమే అనిపించింది.

9.00: నాయన తన పంచె ఇచ్చాడు. మూడుసార్లు వడగట్టాం. సువర్ణ పటిక తిప్పి తేర్చింది. ఒక్క చుక్క కింద పడకుండా మళ్ళీ రేడియేటర్లో పోశాను. ముగ్గురం చాలా సంతోషించాం.

3.00: పది నిమిషాలకే ఎర్రగీత.

3.05: మూత తెరిచి చూశాను. వేడిమీద తెరవకూడదని వీడియో చివర్లో చెప్పారట. నేను చివరిదాకా చూడలేదు. ఆవిరి ఎగజిమ్మి మూతి కాలింది, మందు రాయడానికి ఎడమవైపు మీసం తీసేయాల్సి వచ్చింది.

5.30: బహుశా ముల్లే తప్పు చూపిస్తోందేమో. దాని మీద కాగితం అంటించాను. ఇప్పుడు వేడి కనిపించడం లేదు. ఈ రోజు అరెకరం.

జూలై 6, ఆదివారం

7.00: చేను మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఇంక రెండెకరాలు. పైమన్ను తెల్లబడుతోంది.

7.10: సువర్ణ స్కూటర్ తీసింది.

"యాడికి?"

"షెడ్డుకు."

"నేను పోకూడదని ఒట్టు పెట్టుకున్న్యా కదా."

"నువ్వు పెట్టుకున్న్యావు. నేనేమన్నా పెట్టుకున్న్యానా?"

8.30: ఓబిలేష్ వచ్చాడు. నా మీసం చూశాడు. మూత తీసి లోపలికి తొంగిచూశాడు.

"మడ్డి తీసినావా అన్నా?"

"నిన్ననే తీసినా."

"మరి ఇదంతా యాడిది?"

చెప్పాను. అతను నేల మీద కూర్చున్నాడు. "వడగట్టి మళ్ళా పోసినారా? పటిక గూడానా?"

"నేనే చెప్పినాను లేప్పా," అన్నాడు నాయన. "వాన్ని ఏమీ అనాకు."

ఓబిలేష్ చెరువు నుంచి రెండు డ్రమ్ముల నీళ్ళు ఆటోలో తెప్పించాడు. మూడుసార్లు కడిగి, మూడుసార్లూ మా కళ్ళముందే నేల మీదికి వదిలేశాడు. నాయన అటు తిరిగి నిలబడ్డాడు. సువర్ణ గట్టు అవతలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం చూశాను.

2.00: ఇంజన్ను చల్లగా ఉంచే కూలెంట్ పోశాడు, బెల్టు వదులు చేశాడు. ముల్లు మీద కాగితం పీకేశాడు. ముల్లు మధ్యలోనే నిలబడింది.

6.30: ఒక ఎకరం అయింది. మొత్తం మూడు. నాలుగో ఎకరంలో వేలు గుచ్చితే పొడిమన్ను. పదును పోయింది.

ఒక మాట రాసుకోవాలి: నేను షెడ్డు గడప తొక్కలేదు. అతనే వచ్చాడు.

జూలై 14, సోమవారం

ఉదయం: మూడెకరాల్లో మొలక వచ్చింది. నాయన ప్రతి సాలూ నడిచి చూశాడు. నాలుగో ఎకరం దగ్గర ఆగాడు.

"ఇది నీదప్పా. మళ్ళా వానొస్తే ఉలవలు చల్లుకో."

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. బీడుగా ఉన్న ఆ ఎకరాన్ని చూస్తే ఏడుపొచ్చింది. ఒక్కరోజు ముందు ఓబిలేష్‌ను పిలిచి ఉంటే అక్కడా మొలక ఉండేది.

సాయంత్రం 5.00: తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి. ట్రాక్టర్‌ను నేనే చూసుకుంటాను. కాకపోతే ముందు నీళ్ళు పారబోయడం నేర్చుకోవాలి.

5.10: చెంబెడు నీళ్ళు తీసుకుని వాకిట్లో నిలబడ్డాను.

5.40: ఇంకా నిలబడే ఉన్నాను. నాయన మంచం మీదనుంచి నా చేతినే చూస్తున్నాడు.

5.50: కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. అది పారబోసినట్లు కాదంటోంది సువర్ణ. రేపు మళ్ళీ ప్రయత్నిస్తాను, అరచెంబుతో.